రొయ్యను ఒలిచినట్టు

మంగమారిపేట ఒడ్డున
నాలుగు వెదుళ్ళకు టార్పాలిన్ చుట్టిన గదిలో
నేనూ ఒక నల్లటి రబ్బరు సూటూ
అరగంటగా కుస్తీ.

మోకాలి దగ్గర ఆగిపోయిందది.
పోర్టు ఆఫీసు కుర్చీలో
ముప్పై ఏళ్ళు కూర్చుని సంపాదించిన తొడలు నావి,
ఏ ఇంక్రిమెంటూ వృథా పోలేదు,
అన్నీ ఒంటికే జమ.

బయటినుంచి ఎల్లాజీ కేక:
"గాలి లేసిందంటే అడుగు అవుపడదు మేడమ్!"
లోపల నాకు
గాలే ఆడటం లేదు.

అప్పుడొచ్చింది నూకాలు, ఎల్లాజీ పెద్దమ్మ.
అడ్డపొగ ఆర్పి, మిగిలిన ముక్క కొంగున ముడేసి
నన్ను చూసింది, సూటుని చూసింది,
తప్పెవరిదో తేల్చేసింది.
"ఒలమ్మా, లాగితే వత్తాదేటి?"

ఎక్కించినదంతా దింపేసింది.
అరగంట కష్టం చీలమండ దగ్గర కుప్పయింది.
బొడ్లోంచి ఒక కవరు తీసింది,
జగదాంబ దగ్గరి చీరల కొట్టుది,
జారుడు బల్లలాంటి నున్నటి కవరు.
నా పాదానికి మేజోడులా తొడిగి
"ఇప్పుడు తొయ్యి" అంది.

బుట్టలోంచి వంజరం జారినట్టు
జారిపోయింది కాలు.
అవతలి కొసన కవరు ఊడదీసి
రెండో కాలికి, తర్వాత చేతులకి.
నాలుగింటికీ ఒక్కటే కవరు.

"గోళ్ళతో గుంజకు, చిరుగుద్ది.
వేళ్ళ మెత్తన ఉంది కదా, దాంతో పట్టు,
పిల్లి దాని కూనని పట్టినట్టు.
మడమ కాడ ముడత ఒగ్గీసేవంటే
భుజం కాడ కొరతొచ్చేత్తాది."
ఈ మాట నేను ఎరుగుదును.
మొదటి పేజీలో మిగిలిన రూపాయి
మార్చి నెలాఖరున మా ఆఫీసంతటినీ
రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టేది.

చిన్నప్పుడు కురుపాం మార్కెట్లో
గాజుల మస్తానమ్మ సబ్బునురగ రాసి
"ఈ చెయ్యి నీది కాదనుకో కాసేపు" అనేది.
అనుకోగానే ఎముకలెక్కడికి పోయేవో,
డజను గాజులూ మణికట్టు మీద గలగలా.
ఇవాళ నూకాలికి
రెండు భుజాలూ అలాగే ఇచ్చేశాను.

"ఊపిరి ఒగ్గీ."
ఒగ్గేశాను.
వీపు మీద జిప్పు గర్రుమని మెడదాకా పాకింది.
నిగనిగలాడే గుండ్రటి వంకాయనై
వెలుగులోకి నడిచాను.

నీళ్ళకింద నలభై నిమిషాలు.
అది వేరే సంగతి, ఇక్కడ చెప్పను.
ఒక్కటి మాత్రం:
సముద్రం నాకన్నా ఎంతో లావు,
దానికేం సిగ్గు లేదు.

తిరిగొచ్చాక మళ్ళీ యుద్ధమే అనుకున్నా.
గదివైపు నడవబోతే నూకాలు
మోకాటిలోతు నీళ్ళలోనే ఆపేసింది.
"ఆరనిచ్చేవా, అతుక్కుపోద్ది.
మెడ కాడ తెరువు, సముద్రాన్ని లోనకి రానీ."
చల్లగా ఒక దోసెడు కెరటం
వెన్నుపూసలు లెక్కపెట్టుకుంటూ దిగింది.

రొయ్యల షెడ్డులో నలభై ఏళ్ళు
మంచుగడ్డల మధ్య పనిచేసిన చేతులవి.
"లాగీకు. ఒలువు.
తలకాడ మొదలెట్టి తిరగేసుకుంటా రా."

భుజాలు, మోచేతులు, నడుము,
లోపలిది బయటికి, బయటిది లోపలికి.
తడి ఇసుకలో చతికిలబడి
ఒక పాదంతో రెండో కాలి అంచు తొక్కిపెట్టి
తొడ, పిక్క, మడమ,
టప్!

డిసెంబరు గాలి
నా పాత ఆపరేషను గీతని తాకింది.
ఒంటినిండా కుట్ల అచ్చులు,
వలలోంచి తప్పించుకున్నట్టు.
నూకాలు చూడనే లేదు,
తువ్వాలు విసిరి అడ్డపొగ వెలిగించుకుంది.

తాడు మీద ఆరేసిన సూటుకి
నా పొట్ట కాసేపు అలాగే ఉంది.
నీళ్ళు కారాక
దాన్నీ మర్చిపోయింది.

"ఆ కవరు నాకిస్తావా?"
"నాకేటి మిగుల్తాది? నీది నువ్వు తెచ్చుకో."

అందుకే ఈ ఆదివారం
భీమిలి బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు
నా సంచిలో చూసి ఉంటారు,
బీపీ మాత్రలకీ చిల్లర పర్సుకీ మధ్య
నాలుగు మడతలు పెట్టిన
ఖాళీ చీరల కవరు.