లోతుకు సరిపడే బండి

బైపాసు మీది షోరూములో
టై కట్టుకున్న పిల్లోడు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టినాడు.
ఎంత స్పీడు పోతాదో చెప్పినాడు.
తెర మీద పాటలెట్లా వస్తాయో చూపించినాడు.
సీటు వెనక్కి వాలిస్తే ఎంత సుఖమో
తానే వాలి చూపించినాడు.
ఖాజాపీరు అప్పటికే బండి కిందికి దూరినాడు,
తెల్లటి టైల్సు మీద వెల్లకిలా.
వాని హవాయి చెప్పులే బయటికి కనపడతా ఉండాయి.

"ఎంత మెల్లగా పోతాది?" అని నేనడిగినా.
పిల్లోడు కాగితం తిరగేసినాడు.
ఆ లెక్క అందులో లేదు.

వానికెట్లా చెప్పేది?
బోర్లలో మోటార్లు తీసే పని మాది.
గుంత మీద ఇనుప చక్రం నిలబెట్టి
పైపు కొసకు తాడు, తాడు కొసకు బండి.
బండి ఎంత దూరం పోతే
మోటారు అంత పైకి లేసినట్టు.
బోరు ఎంత లోతో, అంత పొడుగూ
భూమ్మీద నేను తోలాల.

మా జేజినాయన కపిల తోలినాడు.
ఎద్దులు బాటలో దిగినంత దూరమే బావి లోతు,
ముప్పై అడుగులు, ఎండాకాలం నలభై.
ముందుకు లాగే ఎద్దు యాడైనా దొరుకుతాది,
వెనక్కి నడిచే ఎద్దు కావాలని
మూడు వారాలు సంతలో తిరిగినాడంట,
సుడులు చూస్తా, పండ్లు లెక్కబెడతా.

నేను ఈ పనిలోకి వచ్చిన ఏడు రెండొందలడుగులు.
ఈ గెనిమ నుంచి ఆ గెనిమ దాకా పోతే
మోటారు నీళ్లు కారుస్తా బయటపడేది.
పాత జీపు చాలింది.
తర్వాత నాలుగొందలు.
అప్పుడే క్లచ్చి జారి తాడు వెనక్కి గుంజింది,
ఖాజాపీరు చూపుడువేలు దాంతో పాటే పోయింది.
ఇప్పుడు హొన్నూరప్ప చీనీతోటలో తొమ్మిదొందల ఇరవై.
తోట దాటాల,
తిప్పన్న కందిచేను దాటాల, వాన్ని ముందే అడుక్కోవాల,
వంకలోకి దిగాల, ఇసకలో,
ఎక్కి, సర్కారు కంప తొక్కి
గుట్ట మొదట్లో గుండ్రాళ్ల మీద ముందు చక్రాలు పెడితే
అప్పుడు, అక్కడ వెనకాల,
ఈల కూడా వినపడనంత దూరంలో
మోటారు తల బయటికొస్తాది.

నాలుగు చక్రాలూ ఎందుకు లాగాలంటే
ఇందుకు.

"కిందంతా ప్లాస్టిక్ మూతలేన్నా" అని
ఖాజాపీరు దుమ్ము లేని వీపు దులుపుకున్నాడు.

తాడిపత్రి కాడ బండల గనిలో
పాతదొకటి ఉందంటే పోయినాం.
రంగేందో చెప్పలేం, అంతా తెల్లదుమ్ము.
ఒక డోరు తాడుతో కట్టినారు.
టైర్ల పండ్లు సగం అరిగినాయి.
సుంకులమ్మ అంట, తోలేదీ ఆయమ్మే, అమ్మేదీ ఆయమ్మే.
"ఏం పనికి?" అనింది. చెప్పినా.
మారు మాట్లాడకుండా
నిండు లోడుతో గని ఏటవాలు ఎక్కించి
సగంలో ఇంజను ఆపి, గేర్లోనే ఉంచి
బ్రేకు మీంచి కాలు తీసింది.
నేను ఊపిరి బిగబట్టినా.
బండి జారలేదు.

మళ్లా వెనక్కి దించింది, చీమ నడకలో.
ఖాజాపీరు చక్రం పక్కనే నడిచినాడు.
కింద చేరేసరికి
ముట్టించిన బీడీ మొత్తం అయిపోయింది.
"జేజినాయన ఎద్దున్నా ఇది" అన్నాడు.
డోరుకని ఐదువేలు తగ్గించమంటే
సుంకులమ్మ ఇంకో తాడు ఇచ్చింది.

మొన్న ఆదివారం
హొన్నూరప్ప మోటారు తీసినాం.
కాలింది మోటారు, తడి లేదు.
ఆయన పైపు కొస వాసన చూసి, తుడిచి
"ఇంకో రెండొందలు దింపుదామా?" అన్నాడు.

నేను గుట్టకల్లా చూసినా.
బండి ముక్కు గుండ్రాళ్లకు ఆనుకొని ఉంది.
ఇంకో రెండొందలంటే గుట్ట ఎక్కాల.
ఎక్కుతాది.
అదే నాకు దిగులు.