పది గంటల కూత

తొంభై పాయింట్ నాలుగు.
రాజాంలో, మూతపడ్డ జూట్ మిల్లు ఎదురుగా
ఎరువుల కొట్టు మేడమీద ఒక గది.
గోడలకి గోనెపట్టాలు కొట్టేం, నాలుగు వరసలు,
లారీ హారన్లు లోపలికి రాకూడదని.
వచ్చేవి.
బస్ కాంప్లెక్సు మైకు కూడా వచ్చేది.

మొదటివారం నేను పుస్తకంలా మాటాడేను:
"శ్రోతలకు శుభోదయం. ఇప్పుడు సమయం..."
డోలపేట నుంచి కార్డుముక్క వచ్చింది:
"ఏటమ్మా, మనూరి రేడియోలో ఎవుల్దో గొంతు పలుకుతంది?"
దాన్ని మైకు స్టాండుకి అంటించుకున్నాను.
మర్నాటి నుంచి, "ఏటర్రా, తిన్నారా?"

సంతకవిటి దాటితే గరగర.
అంతే మా దేశం.
అందులోనే చోళ్ల ధర, గోగునార ధర,
ఆసుపత్రికి పళ్ల డాక్టరొచ్చే రోజు,
తప్పిపోయిన ఎర్రపెయ్య.
పెయ్య దొరికింది. ఆ మాట చెప్పడం మర్చిపోయేం.
నెల్రోజులు వెతికేరు జనం,
కట్టుకొయ్యకి కట్టున్న పెయ్య కోసం.

సైరను తెచ్చినవాడు లెంక నీలాచలం, మిల్లు ఫిట్టరు.
గేటు మూసే ముందురోజు
టేప్‌రికార్డరు తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్లి
కూతని పట్టేడంట.
ఆరుకి, రెండుకి, పదికి వెయ్యమన్నాడు.
వేసేం.
ఊరు గడియారాలు సర్దుకుంది.
తుపానుకి టవరు ఒరిగినప్పుడు
ట్రాక్టరు బ్యాటరీ మీద మూడ్రోజులు
కూతొక్కటే నడిచింది, ఇంకేదీ నడవక.

ఒక రాత్రి ఫోను. పారమ్మంట.
"అమ్మా, పదింటిది ఎయ్యకు.
మా ముసిలోడు లేచి చొక్కా తొడుక్కుంటన్నాడు.
కేరేజీ ఏదే అంటన్నాడు.
నానేటి సెప్పేది?"

నేనూ ఏమీ చెప్పలేదు.
మైకు ఆన్‌లో ఉందని తర్వాత చూసుకున్నాను.

మర్నాడు పదికి కూత లేదు.
ఎందుకు లేదని ఒక్క ఫోనూ రాలేదు.
నీలాచలం మాత్రం వచ్చి
పదీ పావు దాకా మెట్లమీద కూర్చుని
"ఆరుది ఉంచండి" అని ఎల్లిపోయేడు.

ఆనక లైసెన్సు కాయితం రాలేదు.
దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.
గోనెపట్టాలు ఊడదీస్తుంటే
కల్లంలో పరుచుకోడానికి పారమ్మ రెండు అడిగింది.
వీధిలో నిలబడి దులిపింది.
దుమ్మే.

కార్డుముక్క పీకితే సగమే ఊడొచ్చింది,
"ఎవుల్దో గొంతు" దాకా.
మిగతాది మైకు స్టాండుతో
పాతసామాను బండెక్కింది.