గాలి లెక్క

కర్నూలులో, కొండారెడ్డి బురుజు వెనక సందులో
తెల్ల కారు తీసుకున్నాం, మూడు రోజులకు.
ఆధార్ కాపీ, ఐదు వేల అడ్వాన్సు,
ఎడమ తలుపు మీది పాత గీతకు ఒక ఫోటో.
స్టీరింగు నాది, దారి చెప్పడం నీది అన్నాను.
ఓబులేసు గీతలు కొట్టిన కాగితం తెచ్చుకున్నాడు:
ఇటు గడిలో చరిత్ర, అటు గడిలో సంగీతం.

గుత్తి చేరేసరికి
ఎండ మాకంటే ముందే కోటెక్కి కూచుంది.
ఎవరు పట్టుకున్నారు, ఎవరు పోగొట్టుకున్నారు,
ఏ ఫిరంగి ఎటు తిరిగింది,
గైడు ఒక్క ఊపిరిలో నాలుగు వందల ఏళ్ళు దించేశాడు.
మొదటి గడి నిండి అంచు దాటింది.
రెండో దాంట్లో
ఓబులేసు చెమటచుక్క పడి ఆరిపోయింది.

తాడిపత్రిలో రాళ్ళు పలుకుతాయన్నారు.
పెన్న ఒడ్డున బుగ్గ గుడి, సన్నటి స్తంభాలు,
వేలితో తడితే సరిగమలట.
"తట్టరాదు" అని బోర్డు.
బోర్డు కిందే కాపలాదారు
శెనక్కాయలు ఒలుస్తున్నాడు.
ఆ పొట్టు చిట్లే చప్పుడే
ఆ పూట మాకు దక్కిన కచేరీ.
ఎవరూ చూడకుండా స్తంభానికి చెంప ఆనించాను.
చల్లగా ఉంది.
అంతకంటే ఏమీ చెప్పలేదు.

జమ్మలమడుగు దారిలో
నాపరాళ్ళ గోడల మధ్య కారు ఎడమకు గుంజింది.
"నేరుగా వెళ్ళండి" అంటూనే ఉంది ఫోనులో ఆవిడ.
వెనక చక్రం మాత్రం
ఇక్కడే దిగుదామని తేల్చేసింది.

రేకుల పందిరి. కంప్రెసరు. చెక్కబల్ల.
గోడమేకుకు ఎర్రగుడ్డ సంచిలో పొడుగ్గా ఏదో.
హుసేనప్ప సబ్బునీళ్ళ డబ్బా ముట్టలేదు.
"ఇంజను ఆపమ్మా" అన్నాడు.
మోకాళ్ళ మీద కూచుని
చక్రానికి చెవి పెట్టాడు,
కడుపులో బిడ్డను వినే మంత్రసాని మాదిరి.
"ముల్లు గాదు, మేకు.
సన్నంగా కూస్తాంది సూడు, పై సా."

మేకు వచ్చింది. కూత లావైంది.
జిగురు తాడు దూర్చాడు. మూగబోయింది.

సంచి ఏందని అడిగాను.
"సన్నాయమ్మా.
నలభై ఏండ్లు ఊదినా.
రాముని పెండ్లికీ నేనే, పీర్ల గుండం కాడా నేనే.
ముందరి పండ్లు రెండు పాయ, గాలి నిలవదు.
నోట్లో నిలవని గాలి
టైర్లలో నిలబెడతాండా."

ఓబులేసు గబగబా కాగితం మడత విప్పాడు.
మీ గురువుగారి పేరు?
"మా నాయన.
ఆయప్పకు వాళ్ళ నాయన.
రాసేదానికి ఏముంది సారూ, ఊదేది గదా."

మేం అడగలేదు. ఆయనే సంచి విప్పాడు.
పీకెను నాలుక మీద నానబెట్టాడు
లారీ ఒకటి, గొర్రెల మంద ఒకటి దాటేదాకా.
తరవాత ఒకే ఒక్క స్వరం.
లేచింది, పందిరి రేకును తాకింది,
నడుమ ఎక్కడో చీలి
ఉత్త గాలై దిగిపోయింది.
ఆయన నవ్వాడు.
పంటి సందులో వేలు పెట్టి
"ఈడ పోతాంది" అన్నాడు,
చక్రానికి చూపించినట్టే.

నూటాయాభై తీసుకున్నాడు. పంక్చరుకు మాత్రమే.

గండికోటలో పొద్దు గూకుతోంది.
లోయ అడుగున పెన్న, అంచున సెల్ఫీలు.
ఓబులేసు కాగితం జేబులోనే ఉంది.
తిరుగుదారిలో పాటల మీట నొక్కబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
కిటికీ వేలెడంత దించితే
సందులోంచి గాలి కూసింది.
"పై సా యేనా?" అన్నాడాయన.
నాకేం తెలుసు.
వేగం తగ్గిస్తే అదీ దిగింది.

మూడో రోజు కారు అప్పజెప్పాం.
ఆరువందల పన్నెండు కిలోమీటర్లు.
కుర్రాడు గీతను ఫోటోతో సరిచూశాడు.
నేను వెనక చక్రం దగ్గర వంగి
చెవి పెట్టాను.
"ఏమైనా పోయిందా మేడం?"
లేదు బాబూ,
నిలిచింది.