డాష్‌బోర్డు మీది ఆకు

చంగామ్వే యార్డులో నా బల్ల
టైర్ల గుట్టకీ టీ కెటిలుకీ మధ్య.
లారీలు వదిలిన పొగని అంకెల్లోకి దించడం నా ఉద్యోగం.
మురంగ కొండల్నించి మొంబాసా రేవు దాకా
ఒక్కో అవొకాడో ఎంత గాలిని మసి చేసిందో
రాటర్‌డ్యామ్ వర్తకుడికి గ్రాముల్లో చెప్పాలి.
ఆయన పండు తింటాడో లేదో తెలీదు,
అంకెలు మాత్రం గింజ వదలకుండా తింటాడు.

కొత్త లారీల్లో స్టీరింగు పక్కన ఓ బొమ్మ ఆకు.
మెత్తగా నడిపితే పచ్చగా వెలుగుతుంది.
గట్టిగా బ్రేకు తొక్కితే ఆరిపోతుంది.
నెల మొత్తమ్మీద ఎంతసేపు పచ్చగా ఉందో
అంత బోనసు.

మ్వాదిమె వోయి మనిషి, ముప్పై ఏళ్ళ డ్రైవరు.
శిక్షణ క్లాసులో ముందు బెంచీ మీదే నిద్రపోయాడు.
చెలగాత్ మేడం తట్టి లేపి అడిగింది:
"డీజిలు ఎలా ఆదా చేస్తావు?"
"తొందరగా బయల్దేరతాను," అన్నాడు.
ఆవిడ ఆ మాట బోర్డు మీద రాసి
సాయంత్రం దాకా చెరపలేదు.

మరియాకాని కాటా దగ్గర వరుస కదలనప్పుడు
తన ఇంజను ఆపి, కిందికి దిగి,
ముందువాడి చేతా వెనకవాడి చేతా ఆపించి వస్తాడు.
వాళ్ళు మన కంపెనీ కాదు కదా అంటే
"పొగకి నంబరు ప్లేటుందా?" అంటాడు.
తిరుగు దారిలో ఉత్తి బండి తోలనని,
పండ్లు దింపిన క్రేట్లు మళ్ళీ తోటలకి చేరుస్తానని
యజమాని అబూద్‌తో మూడు వారాలు గొడవపడింది అతనే.
రిపోర్టులో అది అబూద్ ఆలోచన.

మొన్న మంగళవారం, రాత్రి రెండుంపావుకి
త్సావో ఎర్రమట్టి దాటుతుండగా ఆకు ఆరింది.
తొంభై ఒకటిలో ఉన్న మార్కు డెబ్భై నాలుగుకి పడింది.
నా తెర అడిగింది: కారణం?
నిద్ర. ఫోను. అతివేగం. వాహన లోపం.
ఐదో గడి లేదు.

ఫోను చేస్తే ముందు కీచురాళ్ళు పలికాయి.
తర్వాత అతను.
"పెద్దది దాటేసింది. చిన్నది దాటలేదు.
నడిరోడ్డు మీద నిలబడి
నా లైట్లకేసి తొండం చాచింది.
ఏమనుకుందో మరి.
లైట్లు తీసేశాను, ఇంజను తీసేశాను.
నలభై నిమిషాలు చీకట్లో కూర్చున్నాం,
నేనూ, క్లీనరు న్గోవా, పద్దెనిమిది టన్నుల పండ్లూ.
వాటి చలిపెట్టె తప్ప ఏదీ గుర్రుమనలేదు.
అదెక్కడ రాస్తావు?"

ఏనుగు అని కొట్టాను. ఎర్రగీత.
మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఎర్రగీత.
ఆఖరికి వాహన లోపం నొక్కి
వివరాల చోట రాశాను:
వాహనం ముందు ఒక పిల్ల ఉంది. లోపమేమీ లేదు.

రాటర్‌డ్యామ్ జవాబు మర్యాదగా వచ్చింది,
ఆలస్యానికి కోతతో సహా.
బోనసు రాలేదు. నేను రెండుసార్లు ఉత్తరం పెట్టాను.
మ్వాదిమె ఒక్కసారీ అడగలేదు.

నిన్న అతని లారీ కడుగుతుంటే లోపలికి తొంగి చూశాను.
ఆకు మీద బిస్కెట్ కాగితం అంటించి ఉంది,
నాలుగు పక్కలా శ్రద్ధగా నొక్కి.
ఈ ట్రిప్పు మార్కు తొంభై మూడు.

న్గోవాని అడిగాను, కోపంతోనా అని.
కాదట.
రాత్రిపూట ఆ వెలుగు
రోడ్డు కనపడనివ్వడం లేదట.