చేదు పప్పు

విత్తనం కాయలు వొలిచే కాలం.
చర్చి వెనక రేకుల షెడ్డు కింద
పదిమందిమి, నడుమ శనక్కాయల కుప్ప.
కిలోకింత అని కూలి.
బొటనవేలు పగిలేదాకా చేతులకు పని.
నోటికే ఏ పనీ లేదు.

యూనీకమ్మ అప్పుడే పోతా ఉండె,
భుజాన సంచి, చేతిలో ఇత్తడి శేరు.
శనివారం శనివారం ఇల్లిల్లూ తిరిగి
పిడికెడు బియ్యం ఎత్తేది ఆమెనే,
ఇరవై రెండేండ్లుగా.
ఎసట్లో పోసే ముందు
దేవునికని మేం పక్కన పెట్టే పిడికెడు.

ఏమన్నా నేను? ఎంత మాటన్నా?
"ఈ నడుమ యూనీకమ్మ ఇంట్లో
సన్నబియ్యం వాసనొస్తాందే" అన్నా.
అంతే.
నవ్వడానికన్నా. సలోమి నవ్వింది.
కాయలు పటపటమన్నాయి.
అన్న సంగతి కూడా
ఇంటికి పోయేసరికి నాకు మతికి లేదు.

బోరింగు కాడ దానికి కాళ్లొచ్చినాయి.
కారం మిషన్ కాడ చేతులొచ్చినాయి.
చీకటి పడేలోపల ఆ చేతులు
సంచిలోకి దూరి
దేవుని బియ్యం దొంగిలించినాయి.

ఆదివారం, కానుకలెత్తినాక
ఆమె లేచింది.
సంచి నాలుగు మడతలేసింది.
శేరు బోర్లించి, లెక్కల పుస్తకం పక్కన పెట్టి
బల్ల ముందర ఒక క్షణం నిలబడింది.
ఒక్క మాట అనలేదు.
అనుంటే నాకు సులువయ్యేది.
పాస్టరు తీతయ్య కండ్లద్దాలు తుడుస్తానే ఉన్నాడు.
వాకిట్లో ఆమె చెప్పులు వెదుక్కునే చప్పుడు
గుడి మొత్తానికీ వినబడింది.

తొలి వాన పడింది.
వజ్రకరూరు చేలల్లో జనం
నడుములు వంచి, కండ్లు నేలకేసి
మెరిసే రాయి కోసం తిరుగుతా ఉంటే
నేనూ వంగినా వాళ్లతో.
పక్కన వెదికే ఆడమనిషిది గుత్తి అంట.
మా ఊరి బియ్యం దొంగ కథ
గుసగుసగా నాకే చెప్పింది.
సన్నబియ్యం అమ్మి కమ్మలు కూడా చేయించుకునిందంట ఆ కథలో.
నా మాటే.
నేను పోల్చుకోలేనంతగా ఎదిగి.

ఊరికే అన్న మాటకు కూడా
పైన లెక్కడుగుతారని
చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పినారు.
తిట్లనుకున్నా. అబద్ధాలనుకున్నా.
నవ్వుకన్నవి ఆ లెక్కలోకి రావనుకున్నా.

కాయ ఊరే నెల.
మా ఆయన ఫిలేమోను రాత్రిళ్లు మంచె మీద,
అడవి పందులకు కావలి.
టార్చిలైటు, సొట్టపోయిన రేకు డబ్బా,
నిద్రలేక ఎర్రబారిన కండ్లు.
సద్ది తీసుకపోయి ఇచ్చి
చాలాసేపు ఆ మంచె కిందనే నిలబడినా.
ఎకరా చేనికి ఇంత కావలి.
ఇంతంత వెడల్పు నోటికి
ఒక గడియ కూడా పెట్టుకోలేదే!

వారం వారం నా పిడికెడు తీసి
కుండలో వేస్తానే ఉన్నా.
అడిగేదానికి ఎవరూ రాలేదు.
బియ్యం పురుగు పట్టింది.
పదిహేనో వారం కుండ చంకనెత్తుకుని
ఆమె గడప తొక్కినా.

సన్నబియ్యం యాడివని నేనడగలేదు.
ఆమె చెప్పలేదు.
మొదట్నుంచీ అది నాకు పట్టని సంగతి.
"ఆ మాటన్నది నేనే."
"తెలుసులే" అనింది.
చేట తెచ్చి, నా బియ్యం పోసుకుని
పురుగులేరుతా కూచుంది.
చేటకు ఇంకో పక్క నేనూ కూచున్నా.
పొద్దు గుంకేదాకా ఏరినాం.

సంచి మాత్రం మళ్లీ ఎత్తుకోలేదు ఆమె.
ఇంకెవరూ ఎత్తుకోలేదు.
శేరు చర్చి బీరువాలో
అట్లే బోర్లా ఉంది.

ఈ యేడు మళ్లీ విత్తనం కాయలు,
అదే షెడ్డు.
"విన్నారా, కంబదూరు కోడలు..." అని
ఎవరో మొదలుపెట్టినారు.
నా నాలుక లేచింది.
అబద్ధమెందుకు, లేచింది.
చేతికందిన పప్పొకటి నోట్లో వేసుకున్నా.
చేదుది.
ఉమ్మలేదు.
బాగా నమిలి, మింగి,
"ఆ చేట ఇట్ల జరుపు" అన్నా.