పాదరసపు గీత

మొదట కాస్త శూన్యం రాస్తాను.
నడుమ, ప్రాణం పోతున్న నక్షత్రం ఒకటి,
లక్ష డిగ్రీల మంట.
చుట్టూ, గోరంత చోటుకి మూడువేల హైడ్రోజన్ పరమాణువులు.
మేం శూన్యమని పిలుచుకునే గాజు సీసాల్లో
ఇంతకన్నా రద్దీ ఉంటుంది.
పదింట ఒక పాలు హీలియం,
ఉప్పంత ఆక్సిజన్,
ఉప్పులో ఉప్పంత నియాన్.
మీట నొక్కి కాఫీకి వెళ్తాను.

ఎన్సెనాదా ఊరి చివర, కొండవాలున మా సంస్థ.
కిటికీ కింద పసిఫిక్ పొగమంచు
రేవులోని క్రేన్లను నడుం దాకా మింగి ఊరుకుంటుంది.
నేను తిరిగొచ్చేసరికి
యంత్రం ఒక మేఘాన్ని వెలిగించి
ఆ వెలుగుని గీతలుగీతలుగా చీల్చి
అంకెల్లో ఆరబెట్టి ఉంచుతుంది.

వాటిలో ఆకుపచ్చది నాకిష్టం.
రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌ది అది.
ఎవరో ఒకరు తగిలి పోతారు.
ఆ తర్వాత అర నిమిషం పైగా
ఎవరూ తాకకుండా వదిలేస్తేనే
అది ఆ పచ్చని మాట పలుకుతుంది.
మన గాలిలో దానికంత ఏకాంతం ఎవరిస్తారు?
నోరు తెరిచేలోగా ఇంకొకరు భుజం తోసేస్తారు.
అందుకే పాతకాలం వాళ్లు
అది భూమ్మీద లేని మూలకమనుకుని
ఆలూ చూలూ లేకుండానే
పేరు కూడా పెట్టేశారు.

ఈసారి గొడవ పచ్చదానితో కాదు.
నీలానికీ ఊదాకీ నడుమ సన్నని గీత.
వాయువు ఎంత కాగిందో చెప్పే ముల్లు అదే.
తొంభైరెండులో శాన్ పెద్రో మార్తిర్ కొండ మీద
ఎవరో చలికి వణుకుతూ పట్టిన వర్ణపటంలో
నా లెక్క కన్నా అది రెట్టింపు ఎత్తు.

నక్షత్రాన్ని ఇంకా మండించాను.
ఆక్సిజన్ తగ్గించాను. ధూళి చల్లాను.
గుండ్రటి మేఘాన్ని నలిపి ముద్దలు చేశాను.
ఒక గీత దారికొస్తే నాలుగు అలిగాయి.
పదకొండు వారాలు.
"నీ మేఘానికి జ్వరం," అని నవ్వాడు ఎవారిస్తో.

రాత్రి పదిన్నరకి దోన్యా క్రెసెన్స్యా
తడిగుడ్డ కర్రతో వస్తుంది.
నా బల్ల కింద తుడవాలంటే నేను కాళ్లెత్తాలి.
కాళ్లెత్తుకుని కూర్చున్న ఖగోళశాస్త్రజ్ఞుడు
మరీ అంత గొప్పగా ఏం ఉండడు.
తెర మీద పరిచిన రంగుల పట్టీలో
సరిగ్గా ఆ గీత దగ్గర వేలు పెట్టి
"ఇది మా షెడ్డు దీపం," అంది.

ఎల్ సౌసాల్ చేపల ఫ్యాక్టరీ. పద్నాలుగేళ్లు.
సార్డీన్ల తలలు కోయడం.
"దాని కింద అందరివీ శవాల చేతులే.
పెదాలకి రంగేసుకొస్తే నల్లగా కనబడేది.
ఎరుపన్నదే ఉండదు దాన్లో."

తొంభైరెండులో కూడానా?
"మా చిన్నది కడుపులో ఉంది. రాత్రి షిఫ్టే."

ఎరుపన్నదే ఉండదు.

పాదరసం.
నా గీతకి వెంట్రుకవాసి ఎడంగా
దానిదీ ఒక గీత.
రెంటినీ విడదీసే చూపు ఆ పాత పరికరానికి లేదు.
ఆకాశాన్ని తీసేసే లెక్కలో
కొంచెం ఆకాశం మిగిలిపోయింది,
ఆకాశంలో ఊరు మిగిలిపోయింది.
పిల్లని చంకనెత్తుకుని ఊరంతా గాలించినట్టు
మూడువేల కాంతి సంవత్సరాల అవతల
నేను వెతుకుతున్న వేడి
రేకుల షెడ్డు దూలానికి వేలాడుతోంది.

పాదరసం తీసేశాను. ముల్లు దిగింది.
మేఘానికి జ్వరం తగ్గింది.
అలిగిన గీతలు ఒక్కొక్కటే ఇంటికొచ్చాయి.

తీసేసిన ముక్కని మాత్రం పారేయబుద్ధి కాలేదు,
పేరు లేని ఫైలులో దాచాను.
ఆ రాత్రి ఎన్ని తలలు తెగాయో
ఎవరి నడుం పట్టేసిందో
కడుపులో పిల్ల ఎటు తన్నిందో
నా ప్రోగ్రాముకి తెలీదు.
కొండ దాకా ఎక్కి వచ్చింది
ఈ కాస్త ఎత్తే.

"నేల ఆరింది," అంది క్రెసెన్స్యా
పక్క గదికి బకెట్టు లాక్కుంటూ.
"ఇక కాళ్లు దించు."