నూట ఇరవై మిల్లీమీటర్ల గాలి

తుర్కులో డిసెంబరు.
మధ్యాహ్నం మూడింటికే కిటికీలు నల్లబడ్డాయి.
అపార్ట్‌మెంటు అడుగున సైకిళ్ళ గదిలో
నేనూ, మూడో అంతస్తు ఇర్యా,
మా మధ్య బల్ల మీద
పొట్ట విప్పిన కంప్యూటర్ పెట్టె.

ఎవరో పారేస్తే తెచ్చుకున్నాను.
ఇనుము గట్టిది,
ఇప్పటి రేకుల్లా వేలితో నొక్కితే సొట్టపోదు.
ముఖాన మాత్రం గాలికి దారి లేదు.
అందులో నా కొత్త బోర్డు అరగంటకే కాగిపోయి,
గంటకల్లా కళ్ళు మూసేస్తుంది.

"గాలాడని గదిలో ఎవరు మాత్రం పనిచేస్తారు?"
అంది ఇర్యా.
ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల కార్ఖానాలో
గాలి గొట్టాలకు రేకులు కోసిన మనిషి.
"నేను కోసిన కన్నాల కింద ఎన్ని వేలమంది పడుకున్నారో,
ఒక్కరైనా తలెత్తి చూసుంటారా!"
నవ్వింది. నవ్వు దగ్గులోకి జారింది.
దగ్గు తగ్గేదాకా
నేను మరల డబ్బాలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

కరెంటు రంపం అద్దెకి తెస్తానంటే వద్దంది.
"దానికి చెవులుండవు."

ముందు రంగు మీద కాగితం టేపు.
టేపు మీద ఫ్యాను అచ్చు.
నడుమ ఒక్క చుక్క, సుత్తితో ఒక్కటే దెబ్బ.
ఆ గుంటలో వృత్తలేఖిని ముల్లు గుచ్చి
చుట్టూ తిప్పుతుంటే
బడిలో లెక్కల పంతులమ్మ పెర్ఫ్యూమ్ గుర్తొచ్చింది, ఎందుకో.

"గీత మీద కొయ్యకు. లోపలగా కొయ్యి.
గీతని ఆకురాయికి వదిలెయ్."

విన్నాను. విన్నాననే అనుకున్నాను.
రంపాన్ని తోశాను, బతిమాలాను, తిట్టాను.
మూడు బ్లేడ్లు విరిగాయి.
బొటనవేలి నెత్తురు టేపు మీద చిన్న పువ్వయింది.
చివరికి రేకు ముక్క టంగుమని నేల మీద పడితే
పెట్టెకి మిగిలింది వృత్తం కాదు,
కోడిగుడ్డు.

ఇర్యా ఏమీ అనలేదు.
ఫ్లాస్కులోంచి కాఫీ పోసి నా ముందుకు జరిపింది.
కప్పు సాసర్లో గలగలలాడింది.
అప్పుడు చూశాను ఆవిడ చేతులు.
రంపం ఒక్కసారీ ఎందుకు అందుకోలేదో
అప్పుడు తెలిసింది.

"ఇంక కిందది," అంది. కళ్ళు మూసుకుంది.

నేను కోస్తున్నాను. ఆవిడ వింటోంది.
"ఎడమకి ఒరుగుతున్నావు."
ఒరుగుతున్నాను, నిజమే, వెంట్రుకవాసి.
"ఇప్పుడు గొంతు బిగుసుకుంది. నూనె చుక్క వెయ్యి."
వేశాను.
"తొందరొద్దు. రేకు ఎక్కడికీ పోదు."
బయట మంచు ఊడ్చే బండి వచ్చింది, వెళ్ళింది.
లైటు తనంతట తనే ఆరిపోయింది రెండుసార్లు,
రెండుసార్లూ చెయ్యూపి వెలిగించాను.
ఆవిడకి తేడా తెలియలేదు.

తర్వాత ఆకురాయి.
లోపలి అంచు వెంట, ఒకే దిశలో,
పిల్లి వీపు నిమిరినట్టు.
ఇనప రజను చలిలో మెరుస్తూ
నా స్వెటరు మీద వాలింది.
టేపు ఊడదీశాక
వేలు పెట్టి చుట్టూ తిప్పాను.
ఎక్కడా పట్టుకోలేదు.

రెండు ఫ్యాన్లూ బిగించాం.
గుడ్డు దగ్గర ఒక మర అరమిల్లీ తప్పింది,
రబ్బరు ముక్క పెట్టి సర్దాను.
మీట నొక్కగానే
ఇర్యా కప్పు మీది ఆవిరి
నిటారుగా లేచేదల్లా
పెట్టె వైపు వంగింది.

"పైది కొంచెం గుర్రుమంటోంది," అంది కోటు వేసుకుంటూ.
నేల మీది రేకు బిళ్ళలు రెండింట్లో
వంకరది ఏరి జేబులో వేసుకుంది.
కాఫీ గిన్నె కిందకట.

లిఫ్టు చెడిపోయి నెలయింది.
మెట్ల మీద ఆవిడ అడుగులు లెక్కపెట్టాను:
పదకొండు, పన్నెండు, ఆగాయి.
వినపడక
మీట నొక్కి ఫ్యాన్లు ఆపాను.
చీకట్లో ఎక్కడో
సన్నటి అంచు గీసినట్టు ఊపిరి,
లోపలికి, బయటికి.

"ఎందుకాపేశావ్?" పైనుంచి అరిచింది.
"తిరగనీ."